నీటి అడుగున తొలి పాఠం: స్కూబా శిక్షణను ఎంచుకొనే విధానం

సెలవు ప్రయాణ రాయితీపై అండమాన్ దీవులకు వెళ్ళివచ్చిన సహోద్యోగులు చూపే ఛాయాచిత్రాలలో ఇటీవల ఒక దృశ్యం తప్పక కనిపిస్తున్నది. వీపున గాలి సిలిండరు, ముఖాన మాస్కు, చుట్టూ రంగురంగుల చేపలు, బొటనవ్రేలిని చూపుడు వ్రేలితో కలిపి చూపే ‘అంతా సవ్యం’ అనే సంజ్ఞ. నీటి అడుగున బొటనవ్రేలు పైకెత్తితే ‘బాగుంది’ అని అర్థం కాదు, ‘పైకి పోదాం’ అని అర్థం. ఈ చిన్న తేడాను గ్రహించినవారికి అక్కడి ప్రపంచానికి ప్రత్యేకమైన భాష, నియమాలు ఉన్నాయని కూడా అర్థమవుతుంది.

అలా ఒకమారు నీటి అడుగును చూసివచ్చినవారిలో కొందరికి, వారి పిల్లలలో మరికొందరికి, సక్రమంగా శిక్షణ పొందాలనే ఉత్సాహం కలుగుతున్నది. అయితే ఏ శిక్షణ? ఎక్కడ? ఎన్ని రోజులు? కరపత్రాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. నీలి సముద్రం, నవ్వు ముఖాలు, క్రింద ఒక ధర. వాటిని ప్రక్కప్రక్కన పెట్టి ధరలను మాత్రమే పోల్చడం సహజం. మన సంస్థలలో మాత్రం ముఖ్యమైన పనులకు రెండు కవర్ల పద్ధతి పాటిస్తాం. సాంకేతిక అర్హతల కవరు తెరచి, అందులో నెగ్గినవారి ధరల కవరునే తరువాత తెరుస్తాం. స్కూబా శిక్షణ విషయంలోనూ ఇదే పద్ధతి అనుసరించాలన్నది ఈ వ్యాసం సారాంశం. మనం కొంటున్నది చేపల దర్శనమో, జేబులో పెట్టుకొనే కార్డో కాదు. ఏదైనా వికటించినప్పుడు తొట్రుపడక, ఊపిరి విడుస్తూ, నెమ్మదిగా పైకి చేరుకొనే అలవాటును కొంటున్నాం. ఆ అలవాటు కోసం ఏ శిక్షణ ఎంత సమయం, ఎంత శ్రద్ధ కేటాయిస్తున్నదన్నదే అసలు కొలమానం.

అనుభవం వేరు, అర్హత వేరు

మొదట గుర్తించవలసినది, ‘స్కూబా’ అనే ఒక్క పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతున్నాయన్న సంగతి. మొదటిది పరిచయ మునక. ఒక పూటలో ముగుస్తుంది. ఒడ్డున కొద్దిసేపు వివరణ, నడుము లోతు నీటిలో రెండు మూడు అభ్యాసాలు, ఆపై శిక్షకుని పర్యవేక్షణలో, 12 మీటర్లకు మించని లోతులో ఒక మునక. ఈత రానివారిని కూడా దీనికి అనుమతించే కేంద్రాలున్నాయి. ఇది ముచ్చట తీర్చే అనుభవమే కాని అర్హత కాదు. పరికరాలలో చాలా భాగాన్ని నియంత్రించేది శిక్షకుడే. మనం ఆయన ప్రయాణికులం.

రెండవది సర్టిఫికెట్ శిక్షణ. సాధారణంగా మూడు నాలుగు రోజులు పడుతుంది. ఇందులో మూడు అంగాలుంటాయి: సిద్ధాంత పాఠాలు, ఈత కొలనులోనో నిశ్చలమైన లోతు తక్కువ నీటిలోనో అభ్యాసాలు, సముద్రంలో కనీసం నాలుగు మునకలు. పాడి సంస్థ ‘ఓపెన్ వాటర్ డైవర్’ శిక్షణలో చేరినవారు కాల నిబంధన లేకుండా 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, 10 నిమిషాలు నీటిపై తేలి ఉండాలి. శిక్షణ పూర్తయినవారు తమ స్థాయి తోడుతో కలిసి 18 మీటర్ల లోతు వరకు మునగవచ్చు.

జీవితంలో ఒక్కసారి పగడపు దిబ్బను చూస్తే చాలుననుకొనేవారికి పరిచయ మునక సరిపోతుంది. అందులో చిన్నతనమేమీ లేదు. కాని పరిచయ మునకను ‘కోర్సు’గా చూపి ఒక్క రోజులో సర్టిఫికెట్ ఇస్తామనే మాట వినిపిస్తే, ఆ సర్టిఫికెట్‌లో ఏమి వ్రాసి ఉంటుందో ముందే చదవాలి. ‘పాల్గొన్నారు’ అన్న పత్రానికీ, ‘అర్హులు’ అన్న పత్రానికీ మధ్య దూరం చాలా ఉంది.

గజ ఈతగానికీ శిక్షణ ఎందుకు?

“గోదావరి ఒడ్డున పుట్టాను, నాకు నీరు కొత్తా?” అనే మిత్రులున్నారు. వారికి సమాధానం బాయిల్ నియమంలో ఉంది. ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు వాయువు పరిమాణం దాని పీడనానికి విలోమానుపాతంలో ఉంటుందని 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రం మనమంతా పాఠశాలలో చదివినదే. సముద్ర జలంలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ఉపరితలంపై 1 ఉన్న పీడనం 10 మీటర్ల వద్ద 2, 20 మీటర్ల వద్ద 3, 30 మీటర్ల వద్ద 4 అవుతుంది.

గజ ఈతగాడు ఒడ్డున ఊపిరి బిగబట్టి మునుగుతాడు. అతని ఊపిరితిత్తులలోని గాలి లోతుకు పోయేకొద్దీ కుంచించుకొని, పైకి వచ్చేసరికి మళ్ళీ మొదటి పరిమాణానికే చేరుతుంది. స్కూబా డైవర్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. అతడు లోతులో, ఆ లోతు పీడనం వద్దే గాలి పీలుస్తాడు. 10 మీటర్ల వద్ద 6 లీటర్ల గాలి పీల్చి, బెదిరి, ఊపిరి బిగబట్టి పైకి దూసుకొనివస్తే, అది ఉపరితలానికి చేరేసరికి 12 లీటర్లు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు ఆ విస్తరణను భరించలేవు. అంటే నీటిలో ఊపిరి బిగబట్టడమనే పాత అలవాటే, ఈతగానికి ఇంతకాలం రక్షణ ఇచ్చిన అలవాటే, ఇక్కడ ప్రాణాంతకం. అందువలననే స్కూబా తొలి నియమం: ఎట్టి పరిస్థితిలోనూ ఊపిరి బిగబట్టరాదు.

మరొక విషయం కూడా ఆ అంకెలలోనే ఉంది. 30 నుంచి 20 మీటర్లకు వస్తే వాయువు పరిమాణం మూడవ వంతు పెరుగుతుంది. 10 మీటర్ల నుంచి ఉపరితలానికి వస్తే రెట్టింపవుతుంది. మార్పు అత్యంత తీవ్రంగా ఉండేది పైపొరలోనే. “ఎక్కువ లోతుకు తీసుకుపోములెండి, భయమేమీ లేదు” అనే ఓదార్పును ఈ లెక్కతో సరిచూసుకోవాలి.

చెవుల విషయమూ ఇంతే. రెండు మూడు మీటర్లకే కర్ణభేరిపై పీడనం తెలుస్తుంది. ముక్కు మూసుకొని మెల్లగా ఊదుతూ, నొప్పి రాకముందే చెవులలోని పీడనాన్ని సరిచేసుకోవాలి. జలుబు ఉన్ననాడు ఇది సాధ్యపడదు కనుక ఆనాడు మునక మానుకోవాలి. డబ్బు కట్టాం కదా అని జలుబుతో దిగే విద్యార్థిని ఆపే శిక్షకుడే మంచి శిక్షకుడు.

సిలిండరులో ఎంత సేపటి గాలి?

ఈ క్రీడకు మూలమైన పరికరాన్ని 1943లో ఫ్రాన్స్‌లో నౌకాదళ అధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గన్యాఁ కలిసి రూపొందించారు. యుద్ధకాలపు పెట్రోలు కొరతలో మోటారు కార్లను గ్యాసుతో నడిపేందుకు గన్యాఁ తయారు చేసిన నియంత్రక కవాటమే దానికి ఆధారం. డైవర్ కోరినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానమైన పీడనంతో గాలి అందించడం దాని ప్రత్యేకత. నేటి రెగ్యులేటర్ పనిచేసే సూత్రమూ అదే.

ఇప్పుడొక చిన్న లెక్క. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ వరకు గాలి నింపితే సుమారు 2400 లీటర్ల గాలి ఉన్నట్లు. 50 బార్, అనగా 600 లీటర్లు, అత్యవసర నిల్వగా మినహాయించాలి. మిగిలినవి 1800 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది ఉపరితలంపై 90 నిమిషాలు వస్తుంది. 10 మీటర్ల వద్ద 45 నిమిషాలు, 20 మీటర్ల వద్ద 30 నిమిషాలే. కంగారుపడిన మనిషి అంతకు రెట్టింపు పీల్చగలడు. అప్పుడు ఆ 30 నిమిషాలు 15 అవుతాయి. కాబట్టి ప్రశాంతత అన్నది ఇక్కడ లీటర్లలో కొలవదగిన వస్తువు. అది ఉపన్యాసంతో రాదు, పదే పదే చేసిన అభ్యాసంతోనే వస్తుంది.

ఈ రచయిత యాభై దాటిన తరువాత ఈ శిక్షణ పొందాడు. కష్టమనిపించినది సముద్రం కాదు, ఈత కొలనులో మాస్కులోకి నీరు రానిచ్చి, ముక్కుతో గాలి ఊది, ఆ నీటిని బయటకు పంపే అభ్యాసం. ముక్కుకు నీరు తగలగానే లేచి నిలబడాలనే తొందర కలుగుతుంది. నాలుగడుగుల కొలనులో లేచి నిలబడవచ్చు. సముద్రంలో ఆ తొందరే ప్రమాదం. ఆ తొందర చల్లారే వరకు, గడియారం చూడకుండా, ఆ ఒక్క అభ్యాసాన్ని పదిమార్లు చేయించే ఓపిక శిక్షకునికి ఉన్నదా లేదా అన్నది ధరల పట్టికలో కనిపించదు.

వంతెన ఇంజనీరు నేర్పిన పాఠం

రెండవ ప్రమాదం నత్రజని వలన కలుగుతుంది. పీడనం పెరిగేకొద్దీ ద్రవంలో ఎక్కువ వాయువు కరుగుతుందన్నది హెన్రీ నియమం. లోతులో ఉన్నంతసేపు నత్రజని రక్తంలోనూ, కణజాలంలోనూ కరుగుతూ ఉంటుంది. హఠాత్తుగా పైకి వస్తే, సోడా సీసా మూత తీసినట్లే, ఆ వాయువు బుడగలై బయటపడుతుంది.

ఈ సంగతి మన వృత్తివారు బాధపడి తెలుసుకున్నది. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన పునాదుల కొరకు సంపీడిత వాయువు నింపిన కెయిసన్లలో పనిచేసిన కార్మికులు పైకి వచ్చిన తరువాత కీళ్ళ నొప్పులతో, పక్షవాత లక్షణాలతో కూలిపోయేవారు. ముఖ్య ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ స్వయంగా 1872లో ఈ వ్యాధికి లోనై మంచం పట్టాడు. ఆయన భార్య ఎమిలీ ఆయన సూచనలను పనివారికి చేరవేస్తూ రాగా 1883లో వంతెన ప్రారంభమైంది. మెల్లగా, దశలవారీగా పైకి రావడమే దీనికి నివారణ అని నిరూపించి, అందుకు పట్టికలు తయారు చేసి 1908లో ప్రచురించినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. ఈనాడు డైవర్ చేతికి కట్టుకొనే కంప్యూటర్ ఆ ఆలోచన నుంచి పెరిగినదే. మునక చివర 5 మీటర్ల వద్ద మూడు నిమిషాలు ఆగడం కూడా ఇందుకొరకే.

దీనికీ సెలవు దరఖాస్తుకూ సంబంధం ఉంది. విమానం లోపలి పీడనం నేలమీదకన్న తక్కువ. శరీరంలో మిగిలిన నత్రజని అక్కడ బుడగలు కట్టవచ్చు. ఒక్క మునక తరువాత కనీసం 12 గంటలు, పలుమార్లు లేదా పలు రోజులు మునిగితే కనీసం 18 గంటలు ఆగి విమానమెక్కాలని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. చివరి రోజు ఉదయం మునిగి మధ్యాహ్నం విమానమెక్కే కార్యక్రమం ఎవరైనా రూపొందించి ఇస్తే, ఆ కేంద్రం సాంకేతిక కవరులోనే తప్పినట్లు లెక్క. నాలుగు రోజుల శిక్షణకు ఆరు రోజుల సెలవు పెట్టడం ఉత్తమం.

సంస్థల పేర్లు, ప్రమాణాలు

పాడి, ఎస్.ఎస్.ఐ., నౌయి, బి.ఎస్.ఎ.సి., సి.ఎం.ఎ.ఎస్. వంటి పేర్లు చూసి కలవరపడనవసరం లేదు. ఇవి పాఠ్యక్రమాన్ని రూపొందించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు. మనకు పాఠం చెప్పేది స్థానిక కేంద్రంలోని శిక్షకుడు. వీటన్నింటికీ ఉమ్మడి కొలబద్దగా అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 24801 ఉంది. దాని మొదటి భాగం ‘పర్యవేక్షణలో మునిగే డైవర్’ గురించినది. 12 మీటర్ల లోతు, నాయకుని తోడు తప్పనిసరి. రెండవ భాగం ‘స్వతంత్ర డైవర్’ గురించినది. 20 మీటర్ల లోతు వరకు సమాన అర్హత గల తోడుతో మునగవచ్చు. చేరబోయే కోర్సు ఈ రెండింటిలో దేనికి సమానమో అడిగితే చాలు, సగం అయోమయం తీరుతుంది. పేరున్న సంస్థలలో ఏది గొప్పదన్న చర్చకన్న, ఎదుట నిలిచిన శిక్షకుడు ఎటువంటివాడన్న విచారణ మేలు.

డబ్బు కట్టేముందు అడుగవలసినవి

1. ఒక శిక్షకునికి ఎందరు విద్యార్థులు? ఓపెన్ వాటర్ శిక్షణకు సముద్రంలో ఎనిమిది మంది వరకు పాడి అనుమతిస్తుంది. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. నీరు మసకగా ఉన్నచోట నలుగురే ఎక్కువ.

2. సముద్రానికి ముందు కొలనులో ఎన్ని గంటలు? ఒక అభ్యాసం రాకపోతే అదనపు సమయం ఇస్తారా? అందుకు వేరే రుసుము ఉన్నదా?

3. ఈత పరీక్ష నిజంగా పెడతారా? సర్టిఫికెట్ శిక్షణకు ‘ఈత రాకపోయినా పరవాలేదు’ అనేవారిని అక్కడికక్కడే వదలివేయవచ్చు.

4. శిక్షకుని అర్హత ప్రస్తుతం చెల్లుబాటులో ఉన్నదా? ఆయన పేరు, సంఖ్య అడిగితే సంబంధిత సంస్థ ద్వారా సరిచూసుకోవచ్చు. మంచి శిక్షకుడు దీనికి నొచ్చుకోడు.

5. పడవలో ప్రాణవాయువు సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె ఉన్నాయా? సమీపంలోని పీడన చికిత్సా గది ఎక్కడ? అక్కడికి చేర్చే ఏర్పాటు ఏమిటి? ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు రావాలి.

6. రెగ్యులేటర్లకు చివరి సర్వీసు ఎప్పుడు జరిగింది? సిలిండర్లకు జల పీడన పరీక్ష ఎప్పుడు జరిగింది? మన కర్మాగారంలో పీడన పాత్రలకు అడిగే ప్రశ్నే ఇది. పరీక్ష తేదీ సిలిండరు మెడపై ముద్రించి ఉంటుంది.

7. ధరలో ఏమేమి చేరి ఉన్నాయి? పరికరాల అద్దె, పడవ, పాఠ్యసామగ్రి, సర్టిఫికెట్ రుసుము విడివిడిగా వ్రాయించుకోవాలి. మన బీమా పాలసీ సాహస క్రీడలను మినహాయించిందేమో కూడా చూసుకోవాలి.

ఆరోగ్యం, వయస్సు

శిక్షణకు ముందు ఆరోగ్య ప్రశ్నావళి ఇస్తారు. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, ఊపిరితిత్తుల వ్యాధి, చెవి శస్త్రచికిత్స, మధుమేహం వంటి వాటికి ‘అవును’ అని వ్రాయవలసివస్తే వైద్యుని అనుమతి పొందాలి. గర్భిణులు మునగరాదు. 45 ఏళ్ళు దాటినవారికి పొగత్రాగే అలవాటు, రక్తపోటు, కొలెస్ట్రాల్ గురించి అదనపు ప్రశ్నలుంటాయి. అన్నింటికీ ‘లేదు’ అని సంతకం చేసి ఇవ్వమని తొందరపెట్టేవారున్నచోట ఆగవలసినది మనమే. ఆ కాగితం కేంద్రం దస్త్రం కొరకు కాదు, మన ఊపిరితిత్తుల కొరకు. కంపెనీ ఆసుపత్రి వైద్యునితో ప్రయాణానికి నెల ముందే మాట్లాడితే తొందర ఉండదు.

పిల్లలకు పదేళ్ళ వయస్సు నుంచి జూనియర్ శిక్షణ ఉంది. 10, 11 ఏళ్ళవారికి 12 మీటర్ల పరిమితి, తల్లిదండ్రులలో అర్హులైనవారో శిక్షకుడో తోడుండాలన్న నియమం ఉన్నాయి. వయస్సు నిండినంత మాత్రాన చాలదు. ‘నాకు భయంగా ఉంది’ అని నోరు తెరచి చెప్పగల పిల్లవాడే అర్హుడు.

ఎక్కడ నేర్చుకోవాలి?

మన దేశంలో అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్, అనగా 2018 వరకు హేవ్‌లాక్ అని పిలిచిన దీవి, ఈ శిక్షణకు ప్రసిద్ధి. లక్షద్వీప్, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి, గోవా, పుదుచ్చేరి కూడా పేరు పొందినవే. పడమటి తీరంలో వర్షాకాలమంతా మునకలు నిలిచిపోతాయి. విశాఖపట్నంలో ఋషికొండ ప్రాంతంలోనూ స్కూబా కేంద్రాలున్నాయి. బంగాళాఖాతపు మన తీరంలో అలలు బలమైనవి, నీటిలో స్పష్టత రోజురోజుకూ మారుతుంది. కనుక రుతువు విచారించి వెళ్ళడం మంచిది.

సెలవులు తక్కువగా ఉన్నవారికి ఒక సదుపాయం ఉంది. సిద్ధాంతం, కొలను అభ్యాసం ఒకచోట పూర్తి చేసి, సముద్రపు మునకలు మరొకచోట ముగించవచ్చు. మొదటి భాగం పూర్తయినట్లు ఇచ్చే పత్రం పాడి పద్ధతిలో 12 నెలలు చెల్లుతుంది. ఊరిలోనే వారాంతాలలో నిదానంగా నేర్చుకొని, దీవిలో నాలుగు మునకలు మాత్రమే మిగుల్చుకొంటే తొందర తగ్గుతుంది.

చివరి మాట

సాంకేతిక కవరులో నెగ్గిన రెండు మూడు కేంద్రాలు మిగిలాక ధరల కవరు తెరవవచ్చు. అప్పుడు కూడా అతి తక్కువ ధరను చూసి ఆనందించేముందు, ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీయాలి. కొలను గంటలు తగ్గించారా? విద్యార్థుల సంఖ్య పెంచారా? పరికరాల సర్వీసు వాయిదా వేశారా? వేరే మార్గాలు తక్కువ.

డైవర్ల లోకంలో ఒక గొప్ప సంప్రదాయం ఉంది. ఏ మునకనైనా, ఏ క్షణంలోనైనా, ఏ కారణం చెప్పకుండానైనా, బృందంలో ఎవరైనా మానుకోవచ్చు. మిగిలినవారు ప్రశ్నించరు, పరిహసించరు, కలిసి పైకి వస్తారు. సురక్షితం కాని పనిని ఆపే అధికారం ప్రతి కార్మికునికీ ఉండాలని మన భద్రతా వారోత్సవాలలో ఏటా చెప్పుకొంటున్నది కూడా ఇదే. మీరు ఎంచుకొనే శిక్షకుడు తొలి రోజే ఈ మాట చెబితే, దానిని మాటగా కాక ఆచరణగా చూపితే, మీ ఎంపిక సరైనదని నమ్మి నిశ్చింతగా నీటిలో దిగవచ్చు.